పూస రంధ్రం చూశాకే పనిముట్టు కొనండి

పూసల నగలు కొత్తగా మొదలుపెట్టినవాళ్ల నుంచి ఈసారి చాలా ప్రశ్నలు వచ్చాయి. సగం మంది ఏం కొనాలని అడిగారు, మిగతా సగం మంది కొన్నాం కానీ కుదరడం లేదని రాశారు. నా దృష్టిలో ఈ రెండూ ఒకటే ప్రశ్న, ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది. పొడవైన ఉత్తరాలను కొంచెం కుదించాను, అడిగిన విషయం మాత్రం మార్చలేదు.

ప్రశ్న: అక్కా, నాకు పూసల గొలుసులు, లోలాకులు చేయడం నేర్చుకోవాలని ఉంది. ఆన్‌లైన్‌లో చూస్తే పెద్ద పెద్ద కిట్లు కనిపిస్తున్నాయి, ఒక్కోదాంట్లో ముప్పై నలభై రకాల పనిముట్లు, లెక్కలేనన్ని చిన్న రింగులు, హుక్కులు. ఏది దేనికో కూడా అర్థం కావడం లేదు. ఒకేసారి అన్నీ కొనేస్తే మళ్లీ మళ్లీ వెతుక్కోనక్కర్లేదు కదా అనిపిస్తోంది. మీరేమంటారు?

జవాబు: ఆ కిట్ ఇప్పుడు వద్దు చెల్లీ. ఒకేసారి కొనేస్తే పని అయిపోతుందనిపించడం సహజమే, కానీ అలాంటి వాటిలో చాలావరకు సంఖ్య ఎక్కువ, నాణ్యత తక్కువ. ప్లయర్ దవడలు కలిసే చోట సందు ఉంటుంది, కట్టర్ నాలుగు రోజులకే మొద్దుబారుతుంది, రింగులు చేత్తో కాస్త లాగితేనే విచ్చుకుంటాయి. నేర్చుకునేవాళ్లకు ఇది పెద్ద దెబ్బ, ఎందుకంటే తప్పు పనిముట్టుదో తమ చేతిదో వాళ్లకు తెలియదు, నాకు రాదులే అనుకుని పక్కన పెట్టేస్తారు. అలా ఆగిపోయిన మంచి చేతులను చాలా చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ముందు ఏ పద్ధతిలో చేస్తావో తేల్చుకో. పూసల నగల్లో ప్రధానంగా మూడు దారులున్నాయి. మొదటిది గుచ్చడం, అంటే బీడింగ్ వైర్ (నైలాన్ పూత ఉన్న సన్నని స్టీలు వైరు) మీదో దారం మీదో పూసలు వరసగా ఎక్కించి రెండు చివర్లా హుక్కు బిగించడం. రెండోది తీగ పని, పూసలోంచి సన్నని తీగ దూర్చి చివర చిన్న చుట్టు తిప్పి ఒకదానికొకటి తగిలించడం, లోలాకులన్నీ దాదాపు ఇంతే. మూడోది సూది దారంతో చిన్న పూసలను అల్లడం. దీనికి ప్లయర్‌తో దాదాపు పని ఉండదు, సూది, దారం, కత్తెర, పూసలు దొర్లకుండా కింద పరుచుకునే గుడ్డ ఉంటే చాలు.

నువ్వు గొలుసులు, లోలాకులు అన్నావు కాబట్టి మొదటి రెండు దారులు నీవి. వాటికి చేతిపనిముట్లు మూడు కావాలి. ఒకటి రౌండ్ నోస్ ప్లయర్, దాని దవడలు రెండూ గుండ్రంగా ఉండి చివరికి వచ్చేసరికి సన్నబడతాయి, తీగను గుండ్రటి చుట్టుగా తిప్పేది ఇదే. రెండోది చైన్ నోస్ ప్లయర్, లోపలివైపు చదునుగా, బయట గుండ్రంగా, మొన సన్నగా ఉంటుంది, పట్టుకోవడానికి, వంచడానికి, నొక్కడానికి అన్నిటికీ ఇదే. మూడోది ఫ్లష్ కట్టర్, తీగను ఒకవైపు చదునుగా కోసేది. నన్నడిగితే చైన్ నోస్ ప్లయర్లు రెండు కొనుక్కో, ఎందుకంటే రింగు తెరవాలంటే రెండు చేతుల్లో రెండు ప్లయర్లు ఉండాలి, చాలామంది ఈ రెండోది లేకనే వేళ్లతో తంటాలు పడతారు.

కొనేటప్పుడు చూడాల్సినవి చెబుతాను. దవడల లోపల గరుకు పళ్లు ఉండకూడదు, ఇంట్లో రిపేర్లకు వాడే ప్లయర్‌కు ఉండేవి అవే, అవి మెత్తని తీగ మీద గాట్లు పెట్టి పై పూతను గీకేస్తాయి. ప్లయర్ మూసి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే చైన్ నోస్ మొన దగ్గర వెలుతురు కనిపించకూడదు. మూసి ఉన్నప్పుడు దవడలను పక్కకు కదిపి చూడు, వదులుగా ఊగితే వద్దు. పిడి నీ అరచేతిలో ఇమడాలి, మరీ పొట్టిదైతే దాని చివర అరచేతి మధ్యలో గుచ్చుకుంటుంది. వదలగానే తనంతట తాను తెరుచుకునే స్ప్రింగ్ ఉంటే చేతికి చాలా హాయి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన మాట. పూసలు ముందు కొనుక్కో, వాటి రంధ్రం ఎంతుందో చూడు, ఆ తర్వాతే దారం, తీగ, సూది, పిన్నులు. చాలామంది తిరగేసి చేస్తారు, తీగ కట్ట కొనేసి ఇంటికొచ్చాక అది పూసలో దూరడం లేదంటారు. తీగకు గేజ్ అనే కొలత ఉంటుంది, సంఖ్య పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. 20 గేజ్ అంటే సుమారు 0.8 మిల్లీమీటర్లు, 22 గేజ్ సుమారు 0.64, 24 గేజ్ సుమారు 0.5. గాజు పూసలకు 20 లేక 22 చాలావరకు సరిపోతుంది, ముత్యాలకు రంధ్రం చిన్నది కాబట్టి 24 దగ్గరికి వెళ్లాల్సి వస్తుంది. నేర్చుకునే రోజుల్లో వెండి తీగ జోలికి పోవద్దు, రాగి తీగ మెత్తగా వంగుతుంది, పాడైనా బాధ ఉండదు.

ప్రశ్న: మేడమ్, నేను చేసిన రెండు గొలుసులూ హుక్కు దగ్గరే ఊడిపోయాయి. ఒకటి క్రింప్ పూసలోంచి, అంటే వైరు చివరను నొక్కి పట్టి ఉంచే చిన్న లోహపు పూసలోంచి, వైరు జారిపోయింది, ఇంకోటి సరిగ్గా క్రింప్ పక్కనే తెగింది. చైన్ నోస్ ప్లయర్‌తో గట్టిగానే నొక్కాను. దీనికి విడిగా ప్లయర్ ఉందంటున్నారు, అది తప్పనిసరా?

జవాబు: మీరు బీడింగ్ వైర్‌తోనే గొలుసులు చేయదలిస్తే క్రింపింగ్ ప్లయర్ కొనుక్కోండి, పైన చెప్పిన మూడింటి తర్వాత నాలుగో స్థానం దానిదే. కానీ అది కొన్నంత మాత్రాన మీ సమస్య పోదు, ఎందుకంటే మీకు జరిగినవి రెండూ వేర్వేరు తప్పులు.

జారిపోవడానికి మామూలు కారణం, వైరుకు క్రింప్ పెద్దదైపోవడం. క్రింప్ లోపల వైరు రెండు వరసలు దూరి, అటూ ఇటూ కొంచెం ఊపిరాడేంత చోటు మాత్రమే మిగలాలి. 2 మిల్లీమీటర్ల క్రింప్ గొట్టం సుమారు 0.35 నుంచి 0.5 మిల్లీమీటర్ల వైరుకు సరిపోతుంది. అంతకంటే సన్నని వైరు దూరిస్తే ఎంత నొక్కినా లోపల పట్టు దొరకదు. గుండ్రటి క్రింప్ పూసల కంటే గొట్టాల్లా ఉండే క్రింపులు కొత్తవాళ్లకు మేలు, అవి సమంగా మడత పడతాయి.

తెగిపోవడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఎక్కువ నొక్కడమే. బీడింగ్ వైర్ చూడ్డానికి ఒకే దారంలా ఉంటుంది కానీ లోపల స్టీలు పోగులు పేనినవి ఉంటాయి, పైన నైలాన్ పూత. లోపల 7 పోగులు ఉన్నది కాస్త బిరుసు, 19 పోగులది మధ్యస్తం, 49 పోగులది దారంలా మెత్తగా వాలుతుంది. రెండు వరసల వైరు క్రింప్ లోపల ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడి ఉండగా మీరు నొక్కితే ఒకటి ఇంకోదాన్ని కోసేస్తుంది. అది వెంటనే తెగదు, నాలుగుసార్లు వేసుకున్నాక తెగుతుంది.

క్రింపింగ్ ప్లయర్ దవడల్లో రెండు గుంతలు ఉంటాయి, చాలామందికి ఏది ముందో తెలియక అక్కడే పాడుచేస్తారు. ముందు పిడికి దగ్గరగా ఉన్న గుంత, దానికి మధ్యలో చిన్న పన్ను ఉంటుంది. వైరు రెండు వరసలనూ విడదీసి, ఒకదానికొకటి తగలకుండా సమాంతరంగా పెట్టి అందులో నొక్కండి. గొట్టం మధ్యలో గాడి పడి, ఒక్కో వరస ఒక్కో గదిలో ఉంటుంది. అప్పుడు క్రింప్‌ను పావు చుట్టు తిప్పి, మొనకు దగ్గరగా ఉన్న గుండ్రటి గుంతలో పెట్టి మళ్లీ నొక్కితే, ఆ గాడి లోపలికి మడిచినట్టయి చిన్న గుండ్రటి గొట్టంలా మారుతుంది. అయ్యాక వైరు గట్టిగా లాగి చూడండి, మొహమాటపడకుండా లాగండి, ఊడేదైతే ఇప్పుడే మీ బల్ల మీద ఊడాలి.

ఇంకో రెండు సంగతులు. క్రింప్‌ను హుక్కు రింగుకు అతికించినట్టు మరీ దగ్గరగా లాగకండి, వైరు అక్కడ చిన్న చుట్టులా ఉండి రింగు కదిలే చోటుండాలి, లేకపోతే అక్కడ రాసుకుని రాసుకుని తెగుతుంది. పూసలను కూడా కిక్కిరిసేలా గుచ్చకండి. గొలుసును గుండ్రంగా వంచి చూడండి, పూసల మధ్య వైరు బిగదీసినట్టుంటే ఒక పూస జాగా వదలాలి. మిగిలిన వైరు తోకను ఒక అంగుళం దాకా పక్క పూసల్లోకి దూర్చేసి అప్పుడు కోయండి, క్రింప్ పక్కనే కోస్తే ఆ మొన మెడకు గుచ్చుకుంటుంది. ఇందుకే గొలుసు పొడవుకు కనీసం నాలుగు అంగుళాల వైరు అదనంగా తీసుకోమంటాను.

ప్రశ్న: జంప్ రింగులు, అంటే భాగాలను ఒకదానికొకటి తగిలించే చిన్న తీగ రింగులు, ఎంత దగ్గరికి నొక్కినా సందు మిగిలిపోతోంది. అందులోంచి లోలాకు జారి పడిపోతోంది.

జవాబు: మీరు రింగును రెండు చివరలూ దూరం చేస్తూ వెడల్పుగా తెరుస్తున్నట్టున్నారు. అలా చేస్తే గుండ్రం పోతుంది, మళ్లీ రాదు. రెండు ప్లయర్లతో సందుకు అటొకటి ఇటొకటి పట్టుకుని, ఒక చేతిని మీ వైపుకు, ఇంకో చేతిని అవతలికి తిప్పండి, తలుపు తెరిచినట్టు. మూసేటప్పుడు అదే దారిలో వెనక్కి తెచ్చి, కొంచెం దాటించి, మళ్లీ వెనక్కి తీసుకురండి, రెండు చివరలూ ఒకదానికొకటి రాసుకున్నట్టు చిన్న శబ్దం వస్తుంది. ఆ శబ్దం వస్తే మూసుకున్నట్టే. అప్పటికీ విచ్చుకుంటుంటే ఆ రింగు తీగ మరీ సన్నది, మార్చేయండి.

ప్రశ్న: చిన్న పూసలతో అల్లిక నేర్చుకుంటున్నాను. పూసల ప్యాకెట్ మీద 11/0 అని ఉంది, సూదుల ప్యాకెట్ మీద 10, 12 అని ఉంది, ఏది దేనికో తెలియక పిచ్చెక్కుతోంది. రెండు సూదులు విరిగాయి, నాలుగైదు పూసలు పగిలిపోయాయి. కుట్టు దారమే వాడుతున్నాను, అది కూడా పోగులు లేచిపోతోంది.

జవాబు: ఈ అంకెలు మొదట్లో అందరినీ తికమక పెడతాయి, టెన్షన్ పడకండి. పూసలకైనా సూదులకైనా అంకె పెరిగితే సైజు తగ్గుతుంది, అంతవరకు గుర్తుంచుకుంటే చాలు. 6/0 పూస సుమారు 4 మిల్లీమీటర్లు, 8/0 సుమారు 3, 11/0 సుమారు 2, 15/0 సుమారు 1.5. 11/0కు 10 లేక 12 నంబరు సూది వాడండి, 15/0కు 12 లేక 13. కానీ మీరు మొదలుపెట్టింది 11/0తో అయితే నా సలహా, ఓ పదిహేను రోజులు 8/0కు మారండి. అల్లిక అదే, చేతికి అలవాటయ్యేది కూడా అదే, కాకపోతే ఏం జరుగుతోందో కంటికి కనిపిస్తుంది.

సూది ఎందుకు విరుగుతుందో, పూస ఎందుకు పగులుతుందో చెబుతాను, రెండిటికీ కారణం ఒకటే. అల్లికలో దారం ఒక పూసలోంచి ఒకసారి పోయి ఊరుకోదు, రెండు, మూడు, కొన్నిచోట్ల నాలుగుసార్లు పోతుంది. ప్రతిసారీ రంధ్రంలో చోటు తగ్గుతుంది. నాలుగోసారికి సూది ఇరుక్కుంటే మనం ప్లయర్‌తో పట్టుకుని లాగుతాం, లేదా వంకరగా తోస్తాం, అప్పుడు సూదైనా విరుగుతుంది, పూసైనా పగులుతుంది. ఇరుక్కున్నప్పుడు లాగకండి, వెనక్కి తీసి ఒక సైజు సన్నని సూది ఎక్కించండి. అందుకే మొదలుపెట్టే ముందే ఏ పూసలోంచి ఎన్నిసార్లు పోవాల్సి వస్తుందో చూసుకుని దారం మందం ఎంచుకోవాలి. పూసల్లో కూడా ఎంపిక ఉంది. జపాన్‌లో తయారయ్యే మియుకి, తోహో పూసలు సైజులో బాగా సమానంగా ఉంటాయి, చిన్న గొట్టంలా ఉండే రకంలో పూస సైజుకు రంధ్రం పెద్దది. సైజు సమానంగా లేని పూసలైతే ముందే ఏరి, మరీ సన్నవీ మరీ లావువీ పక్కన పెట్టండి. ఈ ఏరడం విసుగ్గా ఉంటుంది కానీ అల్లిక చదునుగా రావడంలో సగం పని అదే చేస్తుంది.

పూసల సూదులు మామూలు కుట్టుసూదుల కంటే పొడవు, సన్నం, కన్ను కూడా సన్నం. కొన్నాళ్లకు అవి వంగుతాయి, అది తప్పు కాదు, అలాగే వాడుకోవచ్చు. దారం దూర్చడం కష్టమైతే బిగ్ ఐ సూది అని ఒకటుంది, రెండు సన్నని తీగలను రెండు చివర్లా అతికించి ఉంటుంది, మధ్యలో పొడవునా తెరుచుకుంటుంది. గుచ్చడానికి చాలా బావుంటుంది, ఇరుకైన అల్లికకు మాత్రం దాన్ని వాడకండి.

కుట్టు దారం మానేయండి. గాజు రంధ్రం అంచు పదునుగా ఉంటుంది, నూలు దారాన్ని కొరికేస్తుంది. పూసల కోసమే వచ్చే నైలాన్ దారం తీసుకోండి, వాడే ముందు మూరెడు మూరెడు చొప్పున లాగి సాగదీసి, కాస్త తేనె మైనం పట్టించండి, పోగులు లేవవు, ముడులు పడవు. క్రిస్టల్ లాంటి పదునైన పూసలకైతే ఫైర్‌లైన్ లాంటి పాలిథిలీన్ దారం మంచిది. అది చేపల గాలానికని వచ్చిన దారం, చాలా గట్టిది, సాగడం బాగా తక్కువ. దాన్ని కోస్తే మంచి కత్తెర పదును పోతుంది కాబట్టి దానికో పాత కత్తెర విడిగా పెట్టుకోండి.

అల్లికలో ఒక పూస ఎక్కువైపోయిందని చాలా వరసల తర్వాత కనబడితే అంతా విప్పనక్కర్లేదు. ఆ పూస రంధ్రంలోకి లావుపాటి సూదినో దబ్బనాన్నో నెమ్మదిగా తోస్తే అది లోపలి నుంచే పగులుతుంది, దారానికి ఏమీ కాదు. ప్లయర్‌తో బయటి నుంచి నొక్కితే గాజు ముక్క దారాన్ని కోసేస్తుంది. ఎలా పగలగొట్టినా కళ్లజోడు పెట్టుకోండి, వేలు అడ్డం పెట్టుకోండి.

ప్రశ్న: అక్కా, ఎలాస్టిక్ బ్రేస్‌లెట్లే చేస్తున్నాను, పనిముట్లు ఏమీ అక్కర్లేదు కదా అని. కానీ ముడి ఊడిపోతోంది. సూపర్‌గ్లూ వేసినా అంతే. ఇంకో సంగతి, కొలత సరిగ్గానే తీసినా పెద్ద పూసల బ్రేస్‌లెట్ బిగుతుగా వస్తోంది.

జవాబు: ఎలాస్టిక్‌కు నిజంగానే కత్తెర, మంచి జిగురు ఉంటే చాలు, ప్లయర్ పని లేదు. ముడి ఊడడానికి కారణం సాధారణంగా ముడి రకం. ఒట్టి రెండు ముడులు ఎలాస్టిక్ మీద నిలవవు, జారుడు వస్తువు కదా. మొదటి ముడి వేసేటప్పుడు చివరను ఒకసారి కాకుండా రెండుసార్లు తిప్పి లాగాలి, ఆపైన ఎదురు దిశలో ఇంకో ముడి. డాక్టర్లు కుట్లు వేసేటప్పుడు ఇలాంటి ముడి వాడతారు కాబట్టి దీన్ని సర్జన్ ముడి అంటారు. గుచ్చకముందే ఎలాస్టిక్‌ను నాలుగైదుసార్లు బాగా లాగి వదలాలి, లేకపోతే వేసుకున్నాక సాగిపోయి పూసల మధ్య ఖాళీ కనిపిస్తుంది.

సూపర్‌గ్లూ ఎండాక బిరుసైపోతుంది, ఎలాస్టిక్ ఆ అంచు దగ్గరే తెగుతుంది. సూదిలాంటి సన్నని మూతి ఉండే నగల జిగురు వాడి, ఎండాక కూడా కొంచెం వంగే రకం చూసుకుని, ఒక్క బొట్టు ముడి మీద పెట్టి, ఒక రాత్రి కదపకుండా ఉంచు. మర్నాడు తోకలు కోసి, ముడిని పక్క పూస రంధ్రంలోకి లాగు. ఇక్కడ కూడా రంధ్రం సంగతే. ముడి దాగేంత పెద్ద రంధ్రం ఉన్న పూస ఒక్కటైనా వరసలో ఉండాలి, గుచ్చేటప్పుడే దాన్ని చివర పెట్టుకో.

బిగుతు సంగతి లెక్క చెబితే తేలిపోతుంది. మనం కొలిచేది పూసల మధ్యగా పోయే దారం పొడవు, చేతికి తగిలేది పూసల లోపలి అంచు. దారం పొడవులోంచి పూస వ్యాసానికి సుమారు 3.14 రెట్లు తగ్గితే లోపలి చుట్టుకొలత వస్తుంది. 4 మిల్లీమీటర్ల పూసలైతే తగ్గేది సుమారు 12.5 మిల్లీమీటర్లు, అంటే అర అంగుళం. 10 మిల్లీమీటర్ల పూసలైతే 31 మిల్లీమీటర్లు, అంటే అంగుళం దాటిపోయింది. కాబట్టి మణికట్టు కొలతకు పూసల లావును బట్టి అంత కలుపుకుని, సౌకర్యానికి ఇంకాస్త కలుపు. ఇందుకే కొలత టేపు పనిముట్ల లెక్కలో ముందుండాలంటాను, చాలామంది దాన్ని అసలు లెక్కలోకే తీసుకోరు.

ప్రశ్న: మెమరీ వైర్ కోస్తుంటే కట్టర్ అంచు మీద చిన్న గుంత పడింది. ఇప్పుడు మామూలు తీగ కూడా సరిగ్గా తెగడం లేదు. సాన పెట్టించవచ్చా?

జవాబు: నా మొదటి కట్టర్ కూడా ఇలాగే పోయింది, మీ బాధ నాకు తెలుసు. మెమరీ వైర్ గట్టిపరిచిన స్టీలు, అందుకే చుట్టలా అదే ఆకారంలో నిలుస్తుంది. నగల కట్టర్ రాగి, ఇత్తడి, వెండి లాంటి మెత్తని తీగల కోసం చేసింది. గుంత పడ్డ అంచును సాన పెట్టినా రెండు అంచులూ మళ్లీ సరిగ్గా కలవడం కష్టం. దాన్ని పారేయకండి, దారాలకు, క్రింప్ తోకలకు పనికొస్తుంది. మెమరీ వైర్‌కు దాని కోసమే వచ్చే కట్టర్ కొనండి, లేదా ప్లయర్‌తో గట్టిగా పట్టుకుని ఒకే చోట అటూ ఇటూ వంచితే విరుగుతుంది. ఏ తీగ కోసినా మొనను కిందికి పెట్టి, ఇంకో చేతి వేలు తెగే ముక్క మీద ఆనించి కోయండి, ఆ ముక్క కంట్లో పడేంత వేగంగా ఎగురుతుంది.

కొత్త కట్టర్ కొన్నాక దాని రెండు వైపులూ చూడండి. ఒకవైపు చదును, ఒకవైపు వాలు. చదును వైపు మీ నగ వైపు ఉండాలి, అప్పుడు నగ మీద మిగిలే తీగ చివర చదునుగా ఉంటుంది, తిప్పి పట్టుకుంటే సూదిమొనలా మిగిలి చర్మాన్ని గీస్తుంది.

ప్రశ్న: రౌండ్ నోస్ ప్లయర్‌తో చుట్టు తిప్పుతున్నాను కానీ ఒక్కోటి ఒక్కో సైజు వస్తోంది. లోలాకులు జతగా అనిపించడం లేదు.

జవాబు: ప్లయర్ దవడ మొన దగ్గర సన్నం, మొదట్లో లావు కాబట్టి మీరు తీగను ఎక్కడ పెట్టారో అంత సైజు చుట్టు వస్తుంది. మార్కర్‌తో దవడ మీద ఒక గీత గీసుకుని ప్రతిసారీ అక్కడే పెట్టండి. రెండో సంగతి తీగ పొడవు. 3 మిల్లీమీటర్ల చుట్టుకు సుమారు 9 నుంచి 10 మిల్లీమీటర్ల తీగ పడుతుంది, దాన్ని కూడా కొలిచే కోయండి, కంటి అంచనా వద్దు. ముందు పూస పైన తీగను చైన్ నోస్‌తో తొంభై డిగ్రీలు వంచి, అప్పుడు చుట్టు తిప్పితే అది పూస నడినెత్తిన కూర్చుంటుంది, లేకపోతే పక్కకు వాలుతుంది. ఒక ఇరవై చుట్లు ఒట్టి రాగి తీగ మీద వేసి, ఆ తర్వాతే అసలు పూసల మీద చేయండి. జతలో రెండిటినీ ఒకేసారి చేయండి, ఒకటి పూర్తిచేసి మర్నాడు ఇంకోటి అంటే ఎంత అనుభవం ఉన్నవాళ్లకైనా తేడా వస్తుంది.

లోలాకుల మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. చెవి దురద పెట్టిందని ఇంకో ఇద్దరు రాశారు. చవక హుక్కుల్లో నికెల్ ఉండడం మామూలే, కొందరికి అది పడదు. టైటానియం, నియోబియం హుక్కులు అలాంటి వాళ్లకు బాగా సరిపోతాయి, మంచి సర్జికల్ స్టీలు కూడా చాలామందికి పడుతుంది. దురద తగ్గకపోతే తీసేసి చర్మ వైద్యులకు చూపించుకోండి, భరిస్తూ వేసుకోకండి.

ప్రశ్న: తెగిన ముత్యాల దండను నేనే మళ్లీ గుచ్చాలనుకుంటున్నాను. పాత దాంట్లో ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడి ఉంది. ఆ ముడి తప్పనిసరా? దానికి ప్రత్యేకమైన పరికరం కొనాలా?

జవాబు: ముడి వేయండి. ముత్యాలు ఒకదానికొకటి రాసుకుంటే పైమెరుపు అరిగిపోతుంది, ముడి వాటిని విడిగా ఉంచుతుంది, పైగా దండ తెగినా ఒక్క ముత్యమే జారుతుంది, మిగతావి నేల మీద దొర్లవు. పరికరం అవసరం లేదు, సన్నని మొన ఉన్న చిమటా చాలు. ముడిని వదులుగా వేసి, చిమటాతో ముత్యం పక్కనే దారాన్ని పట్టుకుని, ముడిని ఆ మొన దాకా జరిపి, చిమటా లాగేస్తూ బిగించాలి. పట్టు దారానికి ముందే సన్నని తీగ సూది అతికించి ఉన్నది దొరుకుతుంది, అది తీసుకోండి. దారం మందం రంధ్రాన్ని బట్టి చూడాలి. ముత్యంలోంచి సులువుగా పోవాలి, కానీ ముడి పడ్డాక రంధ్రంలోకి జారకూడదు. ఒక పాత ముత్యం మీద రెండు మూడు దారాలు ప్రయత్నించి చూడండి. రంధ్రం మరీ చిన్నదై దారం పోకపోతే బీడ్ రీమర్ అని వజ్రపు పొడి పూసిన సన్నని ఆకురాయి ఉంటుంది, ముత్యాన్నీ దాన్నీ నీళ్లలో తడుపుతూ చేత్తో నెమ్మదిగా తిప్పాలి. పొడిగా తిప్పితే ముత్యం పగలొచ్చు, ఆ దుమ్ము పీల్చడం కూడా మంచిది కాదు. ముడులు చోటు తీసుకుంటాయి కాబట్టి దండ పాతదానికంటే కొంచెం పొడవు రావచ్చు.

ప్రశ్న: నాకు 64 ఏళ్లు. ఉద్యోగం అయిపోయాక ఇది నేర్చుకుంటున్నాను, మనవరాలికి ఒక దండ చేయాలని. పూసలు బల్ల మీద నుంచి దొర్లిపోతున్నాయి, సూదిలో దారం ఎక్కించడానికే పావుగంట పడుతోంది, ప్లయర్ పట్టుకుంటే బొటనవేలు నొప్పి. మానేయమంటారా?

జవాబు: మానేయకండి సార్. మీరు చెప్పిన మూడింటికీ మార్గం ఉంది.

దొర్లడానికి, అంచులున్న పళ్లెంలో మెత్తని గుడ్డ పరవండి. తువ్వాలు వద్దు, దాని పోగుల్లో సూది చిక్కుకుంటుంది. వెల్వెట్ లాంటిదో, పోగులు లేవని మందపాటి దుప్పటి ముక్కో బావుంటుంది, రంగు లేత బూడిద గానీ మీగడ రంగు గానీ అయితే పూసల అసలు రంగు కనిపిస్తుంది. దండే చేస్తారు కాబట్టి బీడ్ బోర్డు కొనుక్కున్నా మంచిదే, అంగుళాల గుర్తులున్న గాడుల్లో పూసలు వరసగా పేర్చి చూసుకుని, నచ్చాకే గుచ్చవచ్చు. ఎన్ని పూసలు కావాలో కూడా ముందే తెలుస్తుంది. పెద్దవాళ్లకు వేసుకునే మామూలు 18 అంగుళాల దండకు 8 మిల్లీమీటర్ల పూసలైతే హుక్కుకు ఒక అంగుళం పోను సుమారు 54 పడతాయి. మనవరాలి కొలత మాత్రం మెడ చుట్టూ టేపు పెట్టి తీసుకోండి. పాప మరీ చిన్నదైతే, మూడేళ్ల లోపుదైతే, పూసల దండ ఇప్పుడు వేయకండి, తెగితే పూస నోట్లోకి పోతుంది.

సూదికి, దారం చివరను ఏటవాలుగా కోసి, మైనం రాసి, రెండు వేళ్లతో చదును చేయండి. దారాన్ని సూది దగ్గరకు తీసుకెళ్లకుండా, దారం కొస ఒక్క మిల్లీమీటరు మాత్రం వేళ్ల మధ్య బయటకు కనిపించేలా పట్టుకుని సూది కన్నునే దాని మీదకు తీసుకురండి. ఎక్కకపోతే సూదిని తిప్పి రెండో వైపు నుంచి చూడండి, కొన్ని సూదుల కన్ను ఒకవైపు నుంచే సులువుగా ఉంటుంది. అయితే మీకు నిజానికి సూదే అక్కర్లేదు. 8 మిల్లీమీటర్ల పూసలకు బీడింగ్ వైర్ తీసుకుంటే దాని చివర బిరుసుగా ఉంటుంది, అదే సూదిలా దూరిపోతుంది.

వెలుతురు తెల్లగా ఉండే దీపాన్ని మీరు పని చేసే చేతికి ఎదురు పక్క పెట్టుకోండి, కుడిచేతి వాటమైతే ఎడమవైపు, అప్పుడు చేతి నీడ పని మీద పడదు. తలకు తగిలించుకునే భూతద్దం రెండు రెట్లు పెద్దది చేసేది చాలు, అంతకంటే ఎక్కువైతే మెడ బాగా వంచాల్సి వస్తుంది.

బొటనవేలికి, స్ప్రింగ్ ఉన్న, పిడి లావుగా మెత్తగా ఉన్న ప్లయర్ తీసుకోండి. ప్లయర్‌ను వేళ్ల కొసలతో కాకుండా అరచేతితో పట్టుకోండి. ఇరవై నిమిషాలకోసారి ఆపి చెయ్యి విదిలించండి. నొప్పి మర్నాటికీ ఉంటే ఆ వారం తీగ పని పక్కనపెట్టి దండ గుచ్చడమే చేయండి. క్రింప్ నొక్కే రెండు నిమిషాలు ఎవరి చేతైనా చేయించుకోవచ్చు, మిగతా దండంతా మీ చేతిదే.